ఎనిమిదేళ్లుగా వారం మాత్ర, ఇప్పుడు తొడనొప్పి: ఎముకల మందు ఎంతకాలం వాడాలి?

మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారికి 69 ఏళ్లు. ఎనిమిదేళ్ల కిందట జారిపడి మణికట్టు విరిగినప్పుడు ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తీసి, ఎముకలు గుల్లబారాయని చెప్పి, వారానికొకటి చొప్పున అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర మొదలుపెట్టారు. అదే చీటీ మీద ఆమె నేటికీ వేసుకుంటున్నారు. రెండు నెలలుగా కుడి తొడలో నొప్పి ఉంది. దాన్ని సయాటికా అనుకొని నరాల మాత్రలు వాడుతున్నారు. కింది దవడలో పుచ్చిన పన్ను తీయాలన్న దంతవైద్యుడు ఈ మాత్ర పేరు వినగానే వెనుకాడారు. ఆమె పుట్టి పెరిగింది కనిగిరి దగ్గరి పల్లెలో. తాజా స్కాన్‌లో వెన్ను టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముక సాంద్రతతో పోల్చి చెప్పే అంకె; మైనస్ ఎంత పెరిగితే ఎముక అంత పలచన) మైనస్ 0.6, తుంటి దగ్గర మైనస్ 2.4 వచ్చాయి. బంధువుల్లో కొందరు మాత్ర మానేయమంటున్నారు, మరికొందరు ఆరు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్‌కు మారమంటున్నారు. మీరు అడిగిన వరుసను పక్కనబెట్టి, ఆలస్యం చేయకూడని విషయంతో మొదలుపెడతాను. నేను ఎముకల జబ్బులు చూసే ఫిజీషియన్‌ను. ఆమెను పరీక్షించకుండా రాస్తున్నాను కనుక, చివరి నిర్ణయం ఆమెను చూసే వైద్యులదే.

ముందు ఆ తొడనొప్పి సంగతి తేలాలి. ఇన్నేళ్లుగా ఈ మాత్ర వేసుకుంటున్న మనిషికి తొడ నడిమి భాగంలో గాని, గజ్జలో గాని కొత్తగా నొప్పి మొదలై, అడుగు వేసినప్పుడు ఎక్కువై, పడుకుంటే తగ్గుతూ ఉంటే, అది వేరే కారణం వల్ల వచ్చినదని రుజువయ్యే వరకు తొడ ఎముకలో సన్నని బీట పడిందేమోనని అనుమానించడమే సరైన పద్ధతి. సయాటికా నొప్పి సాధారణంగా నడుము నుంచి పిరుదు మీదుగా మోకాలి కిందికి దిగుతుంది, తిమ్మిరి కూడా ఉంటుంది. అయితే ఈ తేడాను నమ్ముకొని ఇంట్లోనే తేల్చుకోవద్దు. ఈ వారంలోనే రెండు తొడ ఎముకలకూ తుంటి నుంచి మోకాలి దాకా, ముందు నుంచీ పక్క నుంచీ ఎక్స్‌రే తీయించండి. నొప్పి కుడి వైపే ఉన్నా ఎడమ వైపు కూడా తీయించాలి, ఎందుకంటే ఈ బీటలు రెండు కాళ్లలోనూ కనిపించడం అరుదేమీ కాదు. ఎక్స్‌రే రాసే వైద్యునికీ, దాన్ని చూసే రేడియాలజిస్టుకూ "ఎనిమిదేళ్లుగా అలెండ్రోనేట్ వాడుతున్నారు" అన్న మాట తప్పక చెప్పండి. ఎముక బయటి అంచున చిన్న మొటిమలా లేచిన ఉబ్బు ఆ మాట వినని కంటికి తేలికగా తప్పిపోతుంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా నొప్పి తగ్గకపోతే ఎమ్మారై అవసరమవుతుంది. ఈ లోపల ఆమె చేతికర్రో వాకరో పట్టుకొని నడవాలి, మెట్లెక్కడం, బరువులెత్తడం మానాలి, వారం మాత్ర వేసుకోవడం ఆపాలి. కొన్ని వారాలు మాత్ర ఆపినంత మాత్రాన నష్టం లేదు. దానికి కారణం కింద చెబుతాను.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మిగతా ప్రశ్నలకు కూడా దారి దొరుకుతుంది. ఎముక ఒకసారి కట్టి వదిలేసిన కట్టడం కాదు. పాత భాగాన్ని కరిగించే కణాలు ఒక వైపు, కొత్తది పోసే కణాలు మరొక వైపు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. ముట్లు ఆగిపోయాక కరిగించే పని పోసే పనిని మించిపోతుంది. అలెండ్రోనేట్, రిసెడ్రోనేట్, ఇబాండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్ అనే బిస్‌ఫాస్ఫోనేట్ మందులు ఎముకలోని ఖనిజానికి అతుక్కుని, దాన్ని కరిగించబోయిన కణాన్ని నిర్వీర్యం చేస్తాయి. అందువల్ల ఎముక నిలుస్తుంది. కాని రోజువారీ నడకలో ఏర్పడే కంటికి కనిపించని పగుళ్లను బాగుచేయాలంటే కూడా ముందు ఆ పాడైన ముక్కను తవ్వి తీయాల్సిందే. పెచ్చులు ఊడిన చోట గోడను గీకకుండా మేస్త్రీ కొత్త సున్నం పూయలేడు గదా. ఏళ్ల తరబడి గీకే పని మందగిస్తే, శరీరభారం ఎక్కువగా పడే తొడ ఎముక బయటి అంచున పగుళ్లు పోగుపడి, ఒక రోజు పడకుండానే, కేవలం నిలబడబోతూనో తిరగబోతూనో ఎముక అడ్డంగా విరిగిపోవచ్చు. దీన్నే అసాధారణ తొడ ఎముక విరుపు అంటారు. అలెండ్రోనేట్ అమెరికాలో 1995లో ఆమోదం పొందగా, పదేళ్ల తర్వాత, 2005 నుంచి ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో వరుసగా కనిపించాయి. 2010 అక్టోబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల వివరపత్రంలో హెచ్చరిక చేర్చింది.

ఇది ఎంత అరుదో కూడా చెప్పాలి, లేకపోతే ఈ పేరా చదివిన పదిమంది మాత్ర అవతల పారేస్తారు. దక్షిణ కాలిఫోర్నియాలో సుమారు 1,96,000 మంది మహిళలను గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి విరుపులు 277 మందిలో కనిపించాయి. పదివేలమంది తెల్లజాతి మహిళలు మూడేళ్లు ఈ మందు వాడితే 149 తుంటి విరుపులు తప్పుతాయని, ఈ తరహా తొడ విరుపులు 2 వస్తాయని అందులో లెక్క కట్టారు; ఆసియా మూలాల మహిళల్లో ఆ సంఖ్యలు 91, 8. అంటే లాభమే చాలా ఎక్కువ, కాని ఆసియా వారిలో తేడా కొంత తక్కువ. ఆ అధ్యయనం ఆసియా వారందరినీ ఒకే గుంపుగా చూసింది కనుక ఆ అంకెను నేరుగా మన తెలుగువారికి అంటించడానికి నేను వెనకాడతాను; అయినా నిర్లక్ష్యం చేయదగినది మాత్రం కాదు. అదే అధ్యయనం చెప్పిన మరో రెండు విషయాలు మీ అమ్మగారికి ఇంకా దగ్గరివి. వాడిన కాలం పెరిగేకొద్దీ ముప్పు నిటారుగా పెరుగుతుంది, మూడు నెలల లోపు వాడినవారితో పోలిస్తే ఎనిమిదేళ్లు దాటినవారిలో అది నలభై రెట్లకు పైగా ఉంది; మందు ఆపిన తర్వాత ఆ ముప్పు త్వరగా దిగిపోతుంది. ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడినవారికి ముప్పు మరింత ఎక్కువ. ఉబ్బసానికో కీళ్లవాతానికో ఆమె అలాంటివి వాడి ఉంటే అది కూడా వైద్యునికి చెప్పండి.

ఎక్స్‌రేలో బీట కనబడి, నొప్పి కూడా ఉంటే, ఎముక పూర్తిగా విరగక ముందే లోపల రాడ్ వేయమని ఆర్థోపెడిక్ సర్జన్ చెప్పవచ్చు. విన్నప్పుడు భయంగా ఉంటుంది గాని, విరిగిన తర్వాత చేసే ఆపరేషన్ కంటే అది చాలా తేలిక, కోలుకోవడం కూడా త్వరగా జరుగుతుంది. ఆ పరిస్థితిలో అలెండ్రోనేట్‌ను ఇక మళ్లీ వాడకూడదు, దాని జాతిలోని మిగతా మందులకూ ఇదే వర్తిస్తుంది. ఎముకను కట్టే రకానికి చెందిన టెరిపారటైడ్ రోజువారీ ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు. ఎలుకల్లో ఎముక క్యాన్సర్ కనబడిందన్న పాత హెచ్చరికను 2020లో అమెరికాలో తీసేశారు కనుక ఆ భయం అక్కరలేదు. అయితే దాన్ని మొదలుపెట్టే ముందు రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎంత ఉందో చూడాలి. అది కారణం తెలియకుండా ఎక్కువగా ఉంటే ఆ మందు ఇవ్వరు. కనిగిరి ప్రాంతం వారిలో అది ఎక్కువగా ఉండడానికి మరో కారణం ఉండవచ్చు.

ఆ కారణం ఫ్లోరైడ్. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటాయని మన దేశంలో మొదట నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, దర్శి, పొదిలి ఆనాడు ఆ జిల్లాలోనివే. నల్లగొండ సంగతి అందరికీ తెలుసు. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక స్కాన్‌లో దట్టంగా కనబడుతుంది, కాని దట్టమైన ఎముక గట్టి ఎముక కానవసరం లేదు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఒకప్పుడు సోడియం ఫ్లోరైడ్‌నే ఎముకల మందుగా ప్రయోగించారు. 1990లో వెలువడిన అమెరికా పరీక్షలో 202 మంది మహిళలను నాలుగేళ్లు గమనించగా, ఫ్లోరైడ్ తీసుకున్నవారి వెన్ను సాంద్రత 35 శాతం, తుంటి మెడ సాంద్రత 12 శాతం పెరిగాయి, ముంజేతి ఎముకలో మాత్రం 4 శాతం తగ్గింది. వెన్నుపూసల విరుపులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు సరికదా, మిగతా ఎముకల విరుపులు పెరిగాయి. ఆ మందు అక్కడితో మూలపడింది.

అందువల్ల మీ అమ్మగారి వెన్ను టి-స్కోరు మైనస్ 0.6 చూసి "ఎముకలు బాగుపడ్డాయి" అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మాట నేను ఒప్పుకోను. ఈ వయసులో వెన్నులో అరుగుదల వల్ల పెరిగిన ఎముక ముళ్లు, కుంగిన వెన్నుపూసలు, వెన్ను ముందున్న పెద్ద రక్తనాళంలో పేరుకున్న సున్నం కూడా ఆ అంకెను పైకి నెడతాయి. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మనిషిలో తుంటి మైనస్ 2.4ను కూడా అసలు కంటే కాస్త మెరుగ్గా కనబడుతున్న అంకెగానే తీసుకుంటాను. ఆమెకు స్కాన్ కంటే ఎక్కువ చెప్పగలిగేది వెన్నుకు పక్క నుంచి తీసే మామూలు ఎక్స్‌రే. వెన్నుపూసలు కుంగినవారిలో చాలామందికి అది ఎప్పుడు జరిగిందో తెలియదు, వయసు మీద పడి నడుము వంగిందనుకుంటారు. ఆమె ఎత్తు వయసులో ఉన్నప్పటి కంటే తగ్గిందా అని కూడా చూడండి. తొడ ఎక్స్‌రే రోజునే ఇదీ తీయించి, రక్తంలో క్యాల్షియం, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూపించండి.

ఇప్పుడు, తొడ ఎముకలో ఏమీ లేదని తేలిందనుకుందాం. మాత్ర కొనసాగించాలా? ఈ మందుల విషయంలో నా అభ్యంతరం మందు మీద కాదు, గడువు రాయని చీటీ మీద. అలెండ్రోనేట్ ఎముకలో నిల్వ ఉండిపోతుంది. అక్కడి నిల్వ సగానికి తగ్గడానికి సుమారు పదేళ్లు పడుతుంది. మాత్ర ఆపినా దాని ప్రభావం ఒక్కసారిగా పోకపోవడానికి కారణం అదే. 2006లో వెలువడిన పరీక్షలో, సుమారు ఐదేళ్లు అలెండ్రోనేట్ వాడిన 1,099 మంది మహిళల్లో కొందరికి మరో ఐదేళ్లు అదే మందు, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నొప్పితో బయటపడిన వెన్నుపూస విరుపులు మందు కొనసాగించినవారిలో 2.4 శాతం, ఆపినవారిలో 5.3 శాతం, వెన్ను మినహా మిగతా విరుపుల్లో తేడా లేదు. దీన్నుంచి 2016 నాటికి నిపుణుల్లో ఒక అంగీకారం కుదిరింది. మాత్ర ఐదేళ్లు, లేదా సంవత్సరానికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ మూడేళ్లు పూర్తయ్యాక ఆగి మళ్లీ లెక్క చూడాలి. తుంటి గాని వెన్ను గాని విరగక, తుంటి టి-స్కోరు మైనస్ 2.5 కంటే మెరుగ్గా ఉన్నవారికి రెండు మూడేళ్లు విరామం ఇచ్చి మళ్లీ పరీక్షించాలి. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి మాత్ర పదేళ్ల వరకు, జోలెడ్రోనిక్ ఆరేళ్ల వరకు కొనసాగించవచ్చు. మీ అమ్మగారి విషయంలో ఆ లెక్క మూడేళ్ల కిందటే చూడాల్సింది.

ఆమె ఆ గీతకు సరిగ్గా పక్కనే ఉన్నారు. పక్క ఎక్స్‌రేలో వెన్నుపూసలు నిటారుగా ఉంటే నేనైతే మాత్ర ఆపి, క్యాల్షియం, విటమిన్ డి సరిచూసి, రెండేళ్లకు తుంటి స్కాన్ మళ్లీ తీయిస్తాను. ఒకటి గాని కుంగి ఉంటే విరామం ఆలోచన వదిలేసి, ఏ మందుతో కొనసాగించాలో ఎండోక్రైనాలజిస్టుతో మాట్లాడతాను. విరామం అంటే వైద్యం ముగిసినట్టు కాదు. ఆ కాలంలో ఏ ఎముక విరిగినా, స్టెరాయిడ్లు మొదలుపెట్టాల్సి వచ్చినా వెంటనే తిరిగి చూపించాలి. ఇక్కడ మరో వైపు కూడా చెప్పాలి. మందు అతిగా వాడి దెబ్బతిన్నవారి కంటే, తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకుని కూడా ఒక్క ఎముకల మందూ రాయించుకోకుండా ఇంటికి వెళ్లిపోయినవారే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. మీ అమ్మగారి కథ విని వాళ్ల ఇళ్లలో మాత్ర ఆగిపోకూడదు.

పంటి సంగతి. దవడ ఎముక చచ్చుబడి బయటపడటం అనే సమస్య 2003లో వెలుగులోకి వచ్చినప్పుడు ఆ రోగుల్లో ఎక్కువమంది క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు. క్యాన్సర్ ఎముకకు పాకినప్పుడు జోలెడ్రోనిక్ యాసిడ్‌ను నెలనెలా 4 మిల్లీగ్రాములు ఎక్కిస్తారు. గుల్లబారిన ఎముకలకు ఇచ్చేది ఏడాదికంతా కలిపి 5 మిల్లీగ్రాములు. ఆ రెండు మోతాదుల మధ్య ఉన్న అంతరం వల్లనే, ఎముకల బలానికి వాడేవారిలో ఈ సమస్య ఏడాదికి పదివేలమందిలో ఒకరి నుంచి లక్షమందిలో ఒకరి వరకు మాత్రమే కనిపిస్తుంది. వాడిన కాలంతో ఇదీ కొంత పెరుగుతుంది. 

మీ దంతవైద్యుడు జాగ్రత్త పడడంలో తప్పులేదు, కాని ఆ జాగ్రత్త పన్ను తీయకుండా వదిలేయడంగా మారకూడదు. చీము పట్టిన పన్నును అలాగే ఉంచడం కూడా దవడ ఎముకకు ముప్పే, నా దృష్టిలో పీకించుకోవడం కంటే పెద్ద ముప్పు. ఆ పన్నును రూట్ కెనాల్‌తో నిలబెట్టగలిగితే మంచిది, కుదరకపోతే తీయించేయండి. వీలైనంత తక్కువ గాయంతో తీసి, చిగురు దగ్గరికి చేర్చి కుట్లు వేసి, ముందూ వెనకా క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలింపజేసి, అవసరమైతే యాంటీబయాటిక్ ఇచ్చి, పూర్తిగా మానేదాకా చూస్తూ ఉండమని అడగండి. షుగర్ ఉంటే ముందు దాన్ని అదుపులోకి తేవాలి. చుట్ట, వక్క, పొగాకు అలవాటు ఉంటే గాయం మానేదాకానైనా మానాలి. పీకించే ముందు నాలుగు రోజులు మాత్ర ఆపడం వల్ల, ఇంతకు ముందు చెప్పిన నిల్వ కారణంగా, పెద్ద ప్రయోజనం లేదు. సిటిఎక్స్ అనే రక్తపరీక్ష ముప్పును నమ్మకంగా చెప్పలేదు కనుక దానికి డబ్బు పెట్టవద్దు. తీసిన చోట ఎముక బయటకు కనబడుతూ ఎనిమిది వారాలైనా మూసుకోకపోతే, అప్పుడు దవడ సర్జన్‌కు చూపించాలి.

కడుపు గురించి మీరు అడగలేదు, కనుక ఆమెకు మంట లేదనుకుంటాను. విరామం తర్వాత మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే పాత నియమాలే: పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్లతో, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర ఏదీ కలపకుండా వేసుకుని, అరగంట సేపు పడుకోకుండా కూర్చోవాలి లేదా నడవాలి. మామూలుగానే ఈ మందులో ఒంటికి పట్టేది ఒక శాతం కంటే తక్కువ, కాఫీతో వేసుకుంటే అది కూడా పట్టదు.

ఇక ఆరు నెలల ఇంజెక్షన్, అంటే డెనోసుమాబ్ 60 మిల్లీగ్రాములు. తొడ ఎక్స్‌రే చూడకుండా దానికి మారడం పెద్ద పొరపాటవుతుంది, ఎందుకంటే అసాధారణ తొడ విరుపులు, దవడ సమస్య దానితోనూ వస్తాయి. మంచి మందే. 2009లో వెలువడిన మూడేళ్ల పరీక్షలో వెన్నుపూస విరుపులను 68 శాతం, తుంటి విరుపులను 40 శాతం తగ్గించింది. మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 35 కంటే తక్కువైతే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇవ్వరు. అలాంటి కొందరికి ఇది పనికొస్తుంది, అదీ రక్తంలో క్యాల్షియం జాగ్రత్తగా చూసుకుంటూనే. డయాలిసిస్‌లో ఉన్నవారిలో క్యాల్షియం ప్రమాదకరంగా పడిపోతుందని 2024 జనవరిలో అమెరికా నియంత్రణ సంస్థ అత్యంత తీవ్రమైన హెచ్చరిక జోడించింది.

అసలు తేడా ఆపే దగ్గర ఉంది. డెనోసుమాబ్ ఎముకలో నిల్వ ఉండదు. కరిగించే కణాలు తయారు కాకుండా ఆపుతుంది, దాని ప్రభావం తీరగానే ఆ కణాలు గుంపుగా పుట్టుకొచ్చి, ఏళ్లుగా కూడబెట్టిన సాంద్రతను నెలల్లో కరిగిస్తాయి. కొందరిలో ఒకేసారి రెండు మూడు వెన్నుపూసలు కుంగిపోతాయి. చివరి ఇంజెక్షన్ నుంచి ఏడు నెలలు దాటితే ఈ ముప్పు మొదలైనట్టే. కాబట్టి బిస్‌ఫాస్ఫోనేట్ మాత్రలకు చెప్పిన విరామం మాట దీనికి ఎంతమాత్రం వర్తించదు. దీన్ని ఆపాలంటే వెనువెంటనే జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి మందుకు మారాలి. అందువల్ల ఎనిమిదేళ్లు మాత్ర వాడి విరామానికి అర్హత వచ్చిన మనిషిని, విరామమే లేని మందు మీదికి ఎక్కించడానికి నాకు బలమైన కారణం కావాలి. కుంగిన వెన్నుపూస గాని, దెబ్బతిన్న మూత్రపిండాలు గాని లేకుండా నేను ఆ పని చేయను.

ఒకవేళ మీ వైద్యులు అన్నీ చూసి దాన్నే ఎంచుకుంటే, మొదటి ఇంజెక్షన్ రోజునే తర్వాతి తేదీ ఎవరు గుర్తుపెట్టుకోవాలో ఇంట్లో తేల్చుకోండి. అన్నయ్య అమెరికాలో ఉన్నారని రాశారు. తల్లిదండ్రులు అక్కడికి వెళ్తే ఆరు నెలలు ఉండి రావడం మన ఇళ్లలో మామూలే, ఆ ఆరు నెలలే ఈ ఇంజెక్షన్ గడువు కూడా. ప్రయాణానికి సరిగ్గా ముందు ఇంజెక్షన్ పడేలా, తిరుగు టికెట్ ఆ గడువు దాటకుండా చూడండి. ప్రయాణం పొడిగించే అవకాశం ఉంటే అక్కడ ఎవరు ఇస్తారో, ఖర్చు ఎవరు భరిస్తారో విమానం ఎక్కకముందే కనుక్కోండి. ఈ వారం తొడ ఎక్స్‌రేలో ఏం వచ్చిందో రాస్తే మిగతాది మాట్లాడుకుందాం.